శ్రమ రోగిదే కావాలి: తీవ్రమైన మెదడు గాయం తర్వాత రోబో చికిత్స



మాకు చదువు చెప్పిన మేడమ్ పేరిట ఉన్న ఈ ధర్మనిధి ఉపన్యాసం ఇవ్వమని కబురు పంపినప్పుడు నిర్వాహకులు ఒకే మాట చెప్పారు. మేడమ్‌ని పొగడటానికి సమయం పెట్టొద్దు, ఆవిడ జీవితమంతా చేసిన పని మీద మాట్లాడితే చాలు అన్నారు. ఆవిడని ఎరిగినవాళ్లకి ఈ మాట వెనక ఎవరున్నారో వేరే చెప్పక్కర్లేదు. మంచం పట్టిన మనిషిని కూర్చోబెట్టడం, కూర్చున్న మనిషిని నిలబెట్టడం, నిలబడ్డ మనిషి చేత నాలుగడుగులు వేయించడం ఆవిడ పని. ఆ పనిలోకి ఇప్పుడు రోబోలు వచ్చాయి. ఈరోజు నా విషయం అదే.

ఓపీలో రోగి బంధువులు అడిగే మొదటి ప్రశ్న ఈమధ్య మారింది. "ఎన్నాళ్లకి లేస్తాడు సార్?" అనేది రెండో ప్రశ్న అయింది. మొదటిది, "మీ దగ్గర రోబో ఉందా?" ప్రకటనల్లో చూసి ఉంటారు, ఎవరో ఫోన్లో వీడియో పంపి ఉంటారు. "పొలం అమ్మైనా చేయిస్తాం" అని కూడా అంటారు. అలా అన్నవాళ్లకి నోటికొచ్చిన జవాబు చెప్పి పంపేయకూడదు. రోబో ఉంటే ఏం వస్తుంది, లేకపోతే ఏం పోతుంది అన్నది లెక్కగా చెప్పగలగాలి.

నా జవాబు ముందే చెప్పేస్తాను. తర్వాతి గంటంతా దానికి రుజువులు చూపిస్తాను. మెదడు దెబ్బ తిన్నాక కదలిక తిరిగి రావాలంటే రోగి తనే ప్రయత్నం చేయాలి, అది చాలాసార్లు చేయాలి. ఆ ప్రయత్నానికి యంత్రం చోటిస్తే అది చికిత్స. ఆ ప్రయత్నాన్ని యంత్రమే చేసిపెడితే, అది ఎంత ఖరీదైనదైనా రోగికి దక్కేది తక్కువ.

ఎవరి గురించి ఈ మాటలు

1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు స్పృహని కొలిచే ఒక స్కేలు తయారుచేశారు. కళ్లు తెరవడం, మాట్లాడటం, చెప్పినట్టు కదలడం, ఈ మూడింటికి మార్కులు. కనిష్ఠం 3, గరిష్ఠం 15. ఎనిమిది, అంతకన్నా తక్కువ వస్తే తీవ్రమైన గాయం. నేను మాట్లాడేది ఈ ఎనిమిది లోపు వాళ్ల గురించే.

మన దేశంలో వీళ్లు ఎక్కువగా రోడ్డు మీది నుంచి వస్తారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో పదిమందిలో నలుగురికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. చావు లెక్క ఏటా పేపర్లో వస్తుంది. చావకుండా బయటపడి, కళ్లు తెరిచి, ఎవరినీ గుర్తుపట్టకుండా నెలల తరబడి మంచం మీద ఉండిపోయినవాళ్ల లెక్క పేపర్లో రాదు.

2005లో హైదరాబాదులో 108 మొదలయ్యాక మన ప్రాంతంలో దెబ్బ తగిలిన మనిషి ఆస్పత్రికి చేరడం మెరుగుపడింది. సర్జన్లు పుర్రెలో కొంత ఎముక తీసి, వాచిన మెదడుకి జాగా ఇచ్చి ప్రాణం నిలబెడుతున్నారు. ఆ ఎముకని చాలాసార్లు పొట్ట చర్మం కింద దాచి ఉంచుతారు. "ఎముక పొట్టలో పెట్టారండీ" అని తల్లులు చెబుతుంటారు. ఇంతవరకూ వ్యవస్థ పనిచేస్తుంది. ఐసీయూ గుమ్మం దాటాక కథ మారుతుంది. గొంతులో ట్యూబు, ముక్కులో రైల్స్ ట్యూబు, కేథెటర్, వీటితో డిశ్చార్జి చేస్తారు. సమ్మరీ ఆఖరున "ఫిజియోథెరపీ చేయించగలరు" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఎవరి చేత, రోజుకి ఎంతసేపు, ఏం చేయించాలో ఉండదు.

ఈలోపు మంచం తన పని తాను చేసుకుపోతుంది. పాదం కిందికి వాలి అక్కడే బిగుసుకుపోతుంది. మోచేయి ముడుచుకుంటుంది. కండ కరుగుతుంది, ఎముకలో కాల్షియం తగ్గుతుంది, వీపు కింద పుండు మొదలవుతుంది. పడుకుని పడుకుని రక్తనాళాలు నిలబడటం ఎలాగో మర్చిపోతాయి. లేపి కూర్చోబెడితే బీపీ పడిపోయి కళ్లు తేలేస్తారు. మెదడు కోలుకోవడానికి సిద్ధమయ్యేసరికి శరీరం సిద్ధంగా ఉండదు. రోబో మాట రాకముందే మన ముందున్న సమస్య ఇది.

నిలబెట్టే యంత్రం

స్పృహ పూర్తిగా రాని మనిషిని నిలబెట్టడానికి పాత పరికరం టిల్ట్ టేబుల్. రోగిని దాని మీద పడుకోబెట్టి, ఛాతీకి, నడుముకి, మోకాళ్లకి పట్టీలు కట్టి, బల్లని మెల్లగా నిటారు చేస్తారు. ఇరవై డిగ్రీల దగ్గర ఆగి బీపీ చూస్తారు, నలభై దగ్గర మళ్లీ చూస్తారు. పెదవులు పాలిపోయినా, నుదుట చెమట పట్టినా కిందికి దించేస్తారు. అరవై, డెబ్బై డిగ్రీలు తట్టుకోగలిగితే ఆ రోజుకి పండగే.

స్విట్జర్లాండుకి చెందిన హోకోమా అనే కంపెనీ ఈ బల్లకి కాళ్లని కదిపే మోటార్లు పెట్టింది. దాని పేరు ఎరిగో. బల్ల లేస్తుండగానే తొడలకి కట్టిన పట్టీలు ఒక్కో కాలినీ ముడిచి చాపుతూ నడిచినట్టు కదుపుతాయి. పాదం కింద స్ప్రింగు పలక ఉంటుంది, కాలు చాపినప్పుడు బరువు అరికాలి మీద పడుతుంది. పిక్క కండరాలు కదిలితే కాళ్లలో నిలిచిన రక్తం పైకి వెళ్తుంది, బీపీ పడదు అన్నది ఆలోచన. ఆ ఆలోచన నిజమేనని 2008లో జర్మనీ వైద్యులు చిన్న ప్రయోగంలో చూపించారు. తొమ్మిదిమంది రోగుల మీద రెండు బల్లలూ వాడి చూస్తే, కాళ్లు కదిపే బల్ల మీద కళ్లు తిరిగి దించేయాల్సిన సందర్భాలు తగ్గాయి.

అయితే బీపీ నిలబడటం వేరు, స్పృహ రావడం వేరు. స్పృహ సంగతి తేల్చడానికి రెండు ప్రయోగాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఈ ఉపన్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మొదటిది ఇటలీలో జరిగింది. ఫ్రాజిట్టా బృందం 2016లో ప్రచురించింది. ఐసీయూలోనే ఉన్న నలభైమంది రోగులని తీసుకున్నారు. సగంమందికి మామూలు ఫిజియోథెరపీ, మిగతా సగానికి దానితోపాటు ఎరిగో మీద నిలబెట్టి కాళ్లు కదిపించడం. చివరిదాకా ఉన్నవాళ్లని పోల్చి చూస్తే ఎరిగో గుంపు మెరుగ్గా కోలుకుంది. 

రెండోది జర్మనీలోని బాడ్ ఐబ్లింగ్ అనే ఊళ్లో జరిగింది. క్రేవర్ బృందం 2015లో ప్రచురించింది. యాభైమంది రోగులు, అందరూ స్పృహ సరిగా లేని స్థితిలో ఉన్నవాళ్లే, గాయమై నాలుగు వారాల నుంచి ఆరు నెలల లోపు. ఇక్కడ పోలిక వేరు. ఒక గుంపుని కాళ్లు కదిపే బల్ల మీద నిలబెట్టారు. రెండో గుంపుని మోటార్లు లేని మామూలు బల్ల మీద నిలబెట్టారు. మూడు వారాల్లో గంటసేపు చొప్పున పది విడతలు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి. కానీ పరిశోధకులు అనుకున్నదానికి విరుద్ధంగా, ఎక్కువ మెరుగుపడింది మామూలు బల్ల గుంపు.

రెండిటినీ కలిపి చదివితే చిక్కుముడి విడిపోతుంది. ఇటలీలో రోబోతో నిలబెట్టడాన్ని, అలా నిలబెట్టకుండా చేసిన ఫిజియోథెరపీతో పోల్చారు. నిలబెట్టినవాళ్లు నెగ్గారు. జర్మనీలో రోబోతో నిలబెట్టడాన్ని ఊరికే నిలబెట్టడంతో పోల్చారు. ఊరికే నిలబెట్టినవాళ్లు నెగ్గారు. అంటే రెండుచోట్లా పనిచేసిన మందు నిలబెట్టడమే. మోటారు దానికి తోడు వచ్చింది, కొందరికి బీపీ నిలబెట్టి సాయం చేసింది, అంతవరకే.

ఎందుకిలా అయింది? ఇక్కడినుంచి నాది ఊహ. నిలబడటమంటే శరీరానికి ఒక పరీక్ష. గుండె వేగం పెరగాలి, నాళాలు బిగియాలి, మెడ తలని మోయాలి, లోపలి చెవి నిలువేదో అడ్డమేదో చెప్పాలి. ఈ హడావుడంతా మెదడు కాండానికి మేలుకొలుపు. కాళ్లని మోటారు కదిపి బీపీని నిలబెట్టినప్పుడు ఆ పరీక్ష సులువవుతుంది, మేలుకొలుపు కూడా పలచబడుతుందేమో. ఇంకొకటి కూడా ఉంది. పడుకున్న మనిషికి కనిపించేది సీలింగు, ఫ్యాను. నిలబడ్డ మనిషికి ఎదురుగా మొహాలు కనిపిస్తాయి.

అలాగని అందర్నీ మర్నాడే నిలబెట్టేయమని కాదు. పక్షవాతం వచ్చిన రోగులని ఒక్క రోజులోపే లేపి ఎక్కువసార్లు నడిపిస్తే ఏమవుతుందో అవెర్ట్ అనే పెద్ద ప్రయోగం చూసింది. 2,104 మంది రోగులతో చేసిన ఆ ప్రయోగం ఫలితం 2015లో వచ్చింది. త్వరగా, ఎక్కువగా లేపినవాళ్లలో బాగా కోలుకున్నవాళ్లు 46 శాతం, మామూలుగా చూసినవాళ్లలో 50 శాతం. తొందర కీడు చేసింది. మన రోగుల విషయంలో పుర్రె లోపలి ఒత్తిడి అదుపులోకి రావాలి, తొడ ఎముక విరిగి ఉంటే అది బరువు మోసే స్థితికి రావాలి, కాలి సిరల్లో గడ్డ లేదని చూసుకోవాలి. ఎముక తీసిన చోట చర్మం గుంటలా లోపలికి కుంగి ఉంటే నిలబెట్టినప్పుడు రోగి ఇంకా మందకొడిగా అయిపోవచ్చు. అటువంటి మనిషికి ముందు ఎముక తిరిగి పెట్టించాలి, బల్ల ఆ తర్వాత.

నడిపించే యంత్రం

స్పృహ వచ్చాక తర్వాతి మెట్టు నడక. ఇక్కడ ఎక్కువగా వినిపించే పేరు లోకోమాట్. ఇదీ హోకోమాదే. దీని పుట్టుక జ్యూరిక్‌లోని బల్‌గ్రిస్ట్ ఆస్పత్రిలో. వెన్నుపాము దెబ్బతిన్న రోగులని పైనుంచి వేలాడదీసి, ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి, ఇద్దరు ఫిజియోలు చెరో పక్క వంగి కూర్చుని చెరో కాలూ పట్టుకుని అడుగులు వేయించేవారు. కొద్ది నిమిషాలకే ఫిజియోల నడుములు పడిపోయేవి. రోగికి ఓపిక ఉన్నా చికిత్స ఆగిపోయేది. గెరీ కొలంబో అనే ఇంజనీరు ఆ ఇద్దరి చోట తుంటికీ మోకాలికీ మోటార్లు అమర్చాడు. అంటే లోకోమాట్ పుట్టింది రోగి కాళ్ల కోసం ఎంతో, ఫిజియో నడుము కోసం అంత.

దీన్ని తక్కువ చేసి చూడకూడదు. మనం చేయించే సాధన ఎంత తక్కువో అమెరికాకి చెందిన కేథరిన్ లాంగ్ బృందం కూర్చుని లెక్కపెట్టింది. 2009లో ప్రచురించిన ఆ లెక్క ప్రకారం పక్షవాతం రోగికి ఒక్కో విడతలో చేతితో చేయించిన పనికొచ్చే కదలికలు సగటున 32. నడక సాధనలో అడుగులు 357. మెదడు దెబ్బతిన్న జంతువులు కోలుకున్న ప్రయోగాల్లో రోజుకి కొన్ని వందల కదలికలు ఉంటాయి. మందు మోతాదులో పదో వంతు ఇచ్చి మందు పనిచేయలేదనడం లాంటి తప్పు రోజూ మన జిమ్ములో జరుగుతోంది. ఆ మోతాదు పెంచడంలో యంత్రానికి సాటి లేదు. దానికి నడుము నొప్పి రాదు, లెక్క తప్పదు.

మరి ఫలితం? ఈ రుజువుల్లో ఎక్కువభాగం పక్షవాతం రోగుల నుంచి వచ్చినవని ముందే చెప్పాలి. కాస్తో కూస్తో నడవగలిగే పాత పక్షవాతం రోగులని 2008లో హార్న్‌బీ బృందం రెండు గుంపులు చేసింది. ఫిజియో చేతులతో నడిపించినవాళ్లు లోకోమాట్ నడిపించినవాళ్లకన్నా వేగంలో ముందున్నారు. మరుసటి ఏడు హిడ్లర్ బృందం ఆరు నెలల లోపు రోగుల మీద చేసిన ప్రయోగంలోనూ మామూలు నడక సాధనే నెగ్గింది.

కారణం కూడా దొరికింది. 2006లో ఇజ్రాయెల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు వెన్నుపాము కొంత దెబ్బతిన్న రోగులకి మాస్కు తగిలించి ఎంత ఆక్సిజన్ వాడుతున్నారో కొలిచారు. అదే నడక, అదే వేగం. ఫిజియో నడిపించినప్పుడు వాడినదానికన్నా లోకోమాట్‌లో తక్కువ వాడారు. కండరాల పని కూడా తగ్గింది. యంత్రం కాళ్లని తీసుకెళ్తోంది, మనిషి ఊరుకున్నాడు. "యంత్రంతోపాటు మీరూ గట్టిగా నడవండి" అని చెప్పినప్పుడు ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. మన ఊళ్లలో తెలిసిన సంగతే ఇది: చంకనెత్తుకుని తిప్పిన పిల్లకి నడక రాదు.

అయితే ఇంకో పక్క కూడా చూడాలి. పక్షవాతం తర్వాత యంత్ర నడక మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి మేర్‌హోల్ట్స్ బృందం కాక్రేన్ సమీక్షలో తూకం వేసింది. ఫిజియోథెరపీకి తోడుగా యంత్రం వాడినప్పుడు సొంతంగా నడవగలిగే అవకాశం పెరిగింది. ఎక్కువ లాభపడింది ఎవరంటే, మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లు, అసలు నడవలేనివాళ్లు. నడవగలిగేవాడికి యంత్రం ఊతకర్ర అయి అడ్డం వస్తుంది. అసలు నిలబడలేనివాడికి అది లేకపోతే ఒక్క అడుగు కూడా పడదు. హార్న్‌బీ ఫలితానికి, కాక్రేన్ ఫలితానికి తగాదా లేదు. రోగులు వేరు, అంతే.

తలకి దెబ్బ తగిలినవాళ్ల మీదే జరిగిన ఒక ప్రయోగం ఎస్క్వెనాజీ బృందానిది, 2013లో వచ్చింది. పదహారుమందితో చేసిన చిన్న ప్రయోగం. చేతులతో నడిపించినా లోకోమాట్‌తో నడిపించినా నడక వేగం ఇంచుమించు ఒకేలా పెరిగింది. రెండు కాళ్ల అడుగు పొడవు సమానమవడంలో లోకోమాట్ గుంపు మెరుగు. సిబ్బందికి శ్రమ కూడా తగ్గింది. రోగికి సమానం, ఫిజియోకి తేలిక అంటే అదీ చిన్న సంగతేం కాదు. ఆ మిగిలిన ఓపికతో ఫిజియో ఇంకేం చేస్తుందన్నదే అసలు ప్రశ్న.

లొంగే యంత్రం

చేతి కోసం రోబోని తయారుచేసిన తొలివాళ్లలో అమెరికాలోని ఎంఐటీకి చెందిన నెవిల్ హోగన్, హెర్మానో క్రెబ్స్ ముఖ్యులు. 1990ల తొలినాళ్లలో వాళ్లు చేసిన ఎంఐటీ-మానస్ ఒక బల్ల, దాని మీద రెండు కీళ్ల యంత్రపు చేయి. రోగి దాని పిడి పట్టుకుని తెర మీది చుక్క దగ్గరికి చేతిని జరపాలి. ఫ్యాక్టరీలో కారుకి రంగువేసే రోబోని ఎవరైనా అడ్డుకుంటే అది వాళ్లని నెట్టేసుకుని పోతుంది. ఈ రోబో అలా చేయదు. రోగి నెడితే లొంగుతుంది, ఆగితే కాసేపు చూస్తుంది, దారి తప్పితే మెల్లగా సరిచేస్తుంది. మంచి ఫిజియో చేయి ఎలా ఉంటుందో అలా ఉండాలన్నది వాళ్ల పట్టుదల. మొదటితరం లోకోమాట్ ఒకే గీత మీద కాళ్లని తిప్పేది. తర్వాత దానిలోనూ పట్టు సడలించే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు రోబో ఇంజనీర్లలో చాలామంది ఒప్పుకున్న సూత్రం ఇదే: అవసరమైనంతే సాయం, అంతకుమించి వద్దు. మెదడు లోభి. పక్కన ఎవరో మోస్తున్నారని తెలిస్తే తన వాటా తగ్గించేసుకుంటుంది.

1996లో రాండల్ నూడో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. స్క్విరల్ మంకీ అనే చిన్న జాతి కోతుల మెదడులో చేతిని నడిపే భాగంలో కొద్దిగా గాయం చేశారు. ఊరికే వదిలేసినప్పుడు ఆ చుట్టుపక్కల మిగిలిన చేతి భాగం కూడా కుంచించుకుపోతుంది. చిన్న గుంటల్లోంచి గింజలు తీసుకోవడం నేర్పించిన కోతుల్లో అది నిలబడింది, కొన్నిటిలో పక్కకి కూడా విస్తరించింది. గింజ తీసింది కోతి. ఎవరూ దాని వేళ్లు పట్టుకుని తీయించలేదు.

ఇంత మంచి ఆలోచనతో పుట్టిన రోబో కూడా పెద్ద పరీక్షలో మిగతావాటిని మించలేదు. బ్రిటన్‌లో రాటుల్స్ అనే ప్రయోగంలో 770 మంది పక్షవాతం రోగులు పాల్గొన్నారు. వారానికి మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున, పన్నెండు వారాలు ఎంఐటీ-మానస్ రకం రోబోతో సాధన. 2019లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. మామూలు చికిత్స పొందినవాళ్లకన్నా చేతి వాడకంలో చెప్పుకోదగ్గ లాభం లేదు. తెర మీద చుక్కని తాకడం బాగా వచ్చింది. అన్నం ముద్ద కలపడానికి, బొత్తాం పెట్టుకోవడానికి ఆ నేర్పు దానంతటది నడిచిరాలేదు. యంత్రం దిగాక ఆ కదలికని నిజమైన పనిలోకి తీసుకెళ్లే మనిషి ఒకరు కావాలి.

పట్టీల మధ్య ఉన్న మనిషి

స్పృహ లేని మనిషి శ్రమ చేయాలనడం ఎలా అని మీలో కొందరికి ఈపాటికి అనుమానం వచ్చి ఉంటుంది. సరైన అనుమానం. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, ఏ స్పందనా లేని ఒక యువతిని ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆవిడ మెదడులో ఆరోగ్యవంతుల్లో వెలిగిన భాగమే వెలిగింది. 2024లో ఆరు ఆస్పత్రుల సమాచారం కలిపి బోడియన్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో రాసింది. చెప్పిన పని చేస్తున్నట్టు బయటికి కనిపించని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, లోపల ఆ పని చేయడానికి ప్రయత్నిస్తున్నారు.

దీన్ని చదివాక టిల్ట్ టేబుల్ దగ్గర మౌనంగా పనిచేయడం ఎవరికీ చేతకాదు. బల్ల లేపబోయే ముందు రోగికి చెప్పాలి. కాలు కదిపే ముందు "ఇప్పుడు కుడికాలు, మీరూ చాపండి" అనాలి. ఏమీ కనిపించకపోయినా అనాలి, సమయం ఇవ్వాలి.

మా వార్డులో బండి మీదినుంచి పడ్డ ఒక కుర్రాణ్ణి బల్ల మీద నిలబెట్టినప్పటి సంగతి చెబుతాను. చూపు నిలుస్తోందా లేదా అని తేల్చడానికి అద్దం వాడటం మా పద్ధతి. గ్లాస్గోది కాదు, స్పృహ తిరిగి రావడాన్ని వివరంగా కొలిచే ఇంకో స్కేలులోనే ఉంది అది. ఎందుకంటే మనిషి అన్నిటికన్నా ముందు వెంబడించేది తన మొహాన్నే. ఆ రోజు వార్డు అద్దం కనిపించలేదు. వాళ్లమ్మ సంచిలోంచి తన చేతి అద్దం తీసింది. దాని అంచున ఆవిడ పెట్టుకుని తీసేసిన బొట్టు బిళ్లలు నాలుగైదు అంటించి ఉన్నాయి. అరవై డిగ్రీల దగ్గర బీపీ చూసి ఫిజియో సరే అన్నాక అద్దాన్ని వాడి మొహానికి ఎదురుగా పెట్టి మెల్లగా పక్కకి జరిపాం. కళ్లు దానితోపాటు జరిగాయి. వెనక్కి తెస్తే వెనక్కి వచ్చాయి. "నాన్నా, ఇటు చూడరా" అని ఆవిడ రెండో పక్క నిలబడి పిలిచింది. అటు జరగడానికి చాలాసేపు పట్టింది. మంచం మీద అదే పరీక్షలో అంతకుముందు సున్నా వచ్చింది. ఆ బల్లకి మోటార్లు లేవు.

ఇంకో మాట కూడా చెప్పాలి. తల గాయం పక్షవాతంలా ఉండదు. కోలుకునే దారిలో చాలామంది ఒక దశ దాటుతారు: అరుపులు, కొట్టడం, ట్యూబులు పీక్కోవడం. ఆ దశలో ఉన్న మనిషిని ఛాతీకి, నడుముకి, తొడలకి పట్టీలు కట్టి యంత్రంలో బిగిస్తే, అతనికి అది చికిత్స అనిపించదు, ఎవరో కట్టేశారనిపిస్తుంది. అప్పుడు కావలసింది నిశ్శబ్దమైన గది, తెలిసిన గొంతు, చేయి పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిపించే మనిషి. యంత్రాన్ని ఎప్పుడు వాడాలో ఎంత తెలియాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా అంతే తెలియాలి.

మన దగ్గర ఏం చేయాలి

రాయలసీమ వాళ్లకి, నెల్లూరు వాళ్లకి వెల్లూరు ఆస్పత్రి గురించి నేను చెప్పక్కర్లేదు. అక్కడ పునరావాస విభాగానికి పునాది వేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింద స్పర్శ కోల్పోయారు. సర్జన్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. న్యూయార్క్‌లో హోవార్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చారు. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం తెరిచారు. అప్పటికి రోబో ఊసే లేదు. రోగి తన పని తాను చేసుకునేవరకు వదలకూడదన్న పట్టుదల ఉంది.

ఆ సంస్థే ఐఐటీ మద్రాసుతో కలిసి ప్లూటో అనే చిన్న చేతి రోబోని తయారుచేసింది. దానిలో ఒకటే మోటారు. పిడి మార్చితే మణికట్టు వంచడం, ముంజేయి తిప్పడం, గుప్పిలి తెరవడం లాంటి వేర్వేరు కదలికలు సాధన చేయించవచ్చు. బల్ల మీద పెట్టుకునేంతే ఉంటుంది. మన అవసరానికి సరిపోయే దారి ఇదని నా నమ్మకం. పెద్ద యంత్రం ఒకటి నగరంలో అద్దాల గదిలో ఉంటే రోగి దాని దగ్గరికి రావాలి. చిన్నవి పది ఉంటే అవే రోగి దగ్గరికి పోతాయి.

ధర్మనిధి పెట్టినవాళ్లు ఉపన్యాసం చివర ఏం చేయాలో చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను.

ఒకటి, ప్రతి జిల్లా ఆస్పత్రిలో మోటార్లు లేని టిల్ట్ టేబుల్ ఉండాలి, దాని పక్కన బీపీ చూడటం తెలిసిన ఫిజియో ఉండాలి. ఇది ఇక్కడే తయారవుతుంది, రోబో ధరలో చిన్న పిసరు.

రెండు, డిశ్చార్జి సమ్మరీలో "ఫిజియోథెరపీ" అన్న ఒక్క మాట సరిపోదు. ఏ కీలుకి ఏ సాధన, రోజుకి ఎన్నిసార్లు, ఎప్పుడు ఆపాలి అని తెలుగులో రాసి ఇవ్వాలి. ఇంట్లో చేయించేది తల్లి, భార్య, అన్న. వాళ్లకి ఐసీయూలోనే చేతులతో చేయించి నేర్పి పంపాలి.

మూడు, ఏ కేంద్రమైనా రోబో కొంటే ముందు ఒక రిజిస్టరు తెరవాలి. ఎంతమంది ఎక్కారన్నది దానిలో ముఖ్యం కాదు. యంత్రం ఎంత శాతం పని చేసింది, రోగి ఎంత చేశాడు, యంత్రం దిగాక నేల మీద ఎన్ని అడుగులు వేశాడు, చేత్తో ఏ పని చేశాడు, ఇవి రాయాలి. వారాలు గడిచినా యంత్రం వాటా తగ్గకపోతే ఆ రోగికి ఆ చికిత్స ఆపేయాలి.

నాలుగు, పొలం అమ్ముతామన్న కుటుంబానికి నిజం చెప్పాలి. మంచం దిగలేని మనిషికి మొదటి నెలల్లో, ఫిజియోథెరపీకి తోడుగా అయితే, నడిపించే యంత్రం పనికొస్తుంది. ఫిజియోథెరపీకి బదులుగా అయితే పనికిరాదు. యంత్రానికి డబ్బు పెట్టి ఫిజియోకి మిగలని పరిస్థితి వస్తే, పొలం ఉంచుకుని ఫిజియోకి పెట్టమని చెప్పాలి. ఆ మాట రోబో ఉన్న కేంద్రంలో కూర్చున్న డాక్టరే చెప్పాలి. అక్కడ చెబితేనే దానికి విలువ.

విద్యార్థులకి చివరగా ఒక్క పని అప్పగిస్తాను. రేపు జిమ్‌లో ఏ రోగి పక్కన నిలబడ్డా, అది రోబో కానివ్వండి, బల్ల కానివ్వండి, మీ సొంత చేతులు కానివ్వండి, పనిలో రోగి వాటా ఎంతో చూడండి. నిన్నటికన్నా అది కొద్దిగానైనా పెరిగేలా ఈరోజు మీ సాయం తగ్గించండి. మేడమ్ దగ్గర చదువుకున్నవాళ్లం అందరం నేర్చుకున్నది అదే, ఇన్ని ప్రయోగాలు తిరిగి తిరిగి చెప్పిందీ అదే.